తోరణాన్ని తలకిందులు చేస్తే...

(తెరపై: గుమ్మానికి కట్టిన మామిడి తోరణం)

పండక్కి మా గుమ్మానికి కట్టిన తోరణం ఇది. రెండు మేకులకు కట్టి వదిలేస్తే దారం దానంతటదే ఇలా వంగింది. ఈ వంపును ఎవరూ గీయలేదు, బరువే గీసింది. దారం పొడవునా ఉన్నది ఒక్క లాగుడే. ఇంజనీర్ల మాటలో టెన్షన్.

ఇప్పుడు ఫోన్ తిరగేస్తున్నా, చూడండి.

(తెరపై: అదే దృశ్యం తలకిందులుగా)

ఆర్చి అయిపోయింది! లాగుడంతా నొక్కుడుగా మారింది. రాయినీ కాంక్రీటునీ లాగితే పగులుతాయి, నొక్కితే మాత్రం చాలా బరువు మోస్తాయి. అందుకే ఈ వంపులో కట్టిన రాయి నిలబడుతుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లోనే ఈ సంగతి పట్టేశాడు. ఆ తర్వాత స్పెయిన్‌లో గౌడీ అనే ఆర్కిటెక్ట్ ఒక చర్చి కోసం పైనుంచి దారాలు వేలాడదీసి, వాటికి సీసపు గుండ్లు నింపిన చిన్నచిన్న సంచులు కట్టాడు. ఫొటో తీసి తిరగేస్తే కట్టడం రూపం వచ్చేసింది.

(తెరపై: తిరుమల శిలాతోరణం)

మన కొండమీద ఈ పని ప్రకృతే చేసింది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ఎండ, వాన, గాలి కలిసి బలహీనమైన రాతిని తినేశాయి. ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలిచిన రాయి మిగిలింది.

(తెరపై: వాలెన్సియా సైన్స్ మ్యూజియం)

స్పెయిన్‌లోనే, వాలెన్సియాలో 2000లో తెరిచిన సైన్స్ మ్యూజియం ఇది. సాంటియాగో కలట్రావా డిజైన్. తిమింగలం అస్థిపంజరంలా లేదూ? ఈ తెల్లటి పక్కటెముకలు సోకు కోసం పెట్టినవి కావు, పైకప్పును మోస్తున్నవి అవే. ఏ ఎముక బరువును ఎటు దించుతోందో పిల్లలు కూడా వేలు పెట్టి చూపించగలరు. నాకైతే ఆ మ్యూజియంలో మొదటి ఎగ్జిబిట్ ఆ భవనమే.

సింగపూర్‌లో 2011లో తెరిచిన, ఆర్కిటెక్ట్ మోషే సాఫ్డీ డిజైన్ చేసిన ఆర్ట్‌సైన్స్ మ్యూజియం పది రేకుల తామరలా ఉంటుంది. రేకుల మీద పడ్డ వాన మధ్యలోకి జారి, లోపలి కొలనులోకి జలపాతంలా దూకుతుంది. ఆ నీళ్లనే టాయిలెట్లకు వాడతారు. పువ్వు ఆకారం అందానికే పెట్టి ఉంటే నేనింత మురిసిపోయేవాణ్ణి కాదు.

(తెరపై: అలిపిరి రోడ్డు)

అలిపిరి దగ్గర రీజినల్ సైన్స్ సెంటర్‌కి పిల్లల్ని తీసుకొస్తే, కొండెక్కాక శిలాతోరణం దగ్గర కూడా కాసేపు ఆగండి. ఇంటి తోరణం ఫొటో తిరగేసి పక్కన పెట్టండి. రెండు వంపులూ అచ్చంగా కలవవు. ఎక్కడ తేడా వచ్చిందో, అక్కడ రాయి మందంగా ఉందో పలచగా ఉందో వాళ్లనే వెతకమనండి.