బ్యాటు వేగం నేల నుంచి మొదలవుతుంది: హన్మకొండ మైదానంలో సాఫ్ట్‌బాల్ సాధన

నమస్కారం అండీ. ఈ వీడియోను హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానం నుంచి చేస్తున్నాను. అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఉంటూ ఆడపిల్లలను బేస్‌బాల్ లాంటి ఆటైన సాఫ్ట్‌బాల్ జట్లలో చేర్పించిన తెలుగు తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పిల్ల బలంగానే ఉంది, గట్టిగానే ఊపుతోంది, అయినా బ్యాటుకు వేగం ఎందుకు రావడం లేదు? సెలవులకు పుట్టింటికి వచ్చాక ఇదే ప్రశ్న మా అన్నయ్య కూతురి నోట విన్నాను. ఎనిమిదో తరగతి చదువుతూ బడి జట్టులో ఆడుతున్న ఆ అమ్మాయి, "అత్తమ్మా, చేతులు గట్టిగనే ఊపుతున్న గదా, బంతి దూరం పోతలేదేంది?" అని అడిగింది. అక్కడి పిల్లలకూ ఇక్కడి పిల్లలకూ చిక్కు ఒకేచోట ఉన్నందున, దీని గురించి కొంచెం వివరంగా మాట్లాడాలనుకున్నాను.

ముందు వేగం ఎందుకు అవసరమో చూద్దాం. అమెరికాలో పన్నెండేళ్ళ లోపు బాలికల సాఫ్ట్‌బాల్‌లో పిచర్ (బంతి వేసే అమ్మాయి) నిలబడే చోటు నుంచి హోం ప్లేటుకు, అంటే బ్యాటు పట్టిన అమ్మాయి పక్కన నేల మీద ఉండే పలకకు, 40 అడుగుల దూరం ఉంటుంది. గంటకు 50 మైళ్ళ వేగంతో వేసిన బంతి ఆ దూరం దాటడానికి అర సెకను మాత్రమే పడుతుంది. పెద్దల బేస్‌బాల్‌లో దూరం 60 అడుగుల 6 అంగుళాలు, కానీ బంతి వేగం దాదాపు రెట్టింపు కాబట్టి అక్కడా దొరికే సమయం అంతకంటే తక్కువే. బాగా ఆడేవారి స్వింగ్, అంటే బ్యాటు ఊపు, మొదలైనప్పటి నుంచి బంతికి తగిలేవరకు సుమారు 0.15 సెకను తీసుకుంటుంది. బ్యాటు ఎంత తొందరగా రాగలిగితే, బంతిని చూసి ఆడాలా వదిలేయాలా అని తేల్చుకోవడానికి అంత ఎక్కువ సమయం మిగులుతుంది. దూరం కొట్టడం కన్నా ఈ ప్రయోజనమే చిన్నపిల్లలకు ముఖ్యమని నా అభిప్రాయం.

దూరం విషయంలోనూ బ్యాటు వేగానిదే పెద్ద వాటా. బేస్‌బాల్ భౌతికశాస్త్రంపై ఏళ్ళ తరబడి పనిచేసిన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆలన్ నేథన్ లెక్క ప్రకారం, చెక్క బ్యాటుతో బంతిని సరైన చోట కొట్టినప్పుడు, వచ్చే బంతి వేగం గంటకు ఒక మైలు పెరిగితే తిరిగి వెళ్ళే బంతికి సుమారు 0.2 మైలు మాత్రమే కలుస్తుంది. బ్యాటు వేగం ఒక మైలు పెరిగితే మాత్రం 1.2 మైళ్ళు కలుస్తుంది. పిచర్ వేగం మన చేతిలో లేదు, బ్యాటు వేగం మన సాధనలో ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి నా కూతురు, మేనకోడలు ఇద్దరి స్వింగ్‌నూ పక్క నుంచి తీశాను. ఒక్కొక్క ఫ్రేమును వేలితో జరుపుతూ చూస్తే తేడా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. మా అమ్మాయి స్వింగ్‌లో ముందుకాలి మడమ నేలను తాకగానే తుంటి తిరగడం మొదలైంది. బెల్టు బకిల్ పిచర్ వైపు తిరుగుతున్న ఫ్రేములోనే జెర్సీ మీది అంకె ఇంకా హోం ప్లేటు వైపు చూస్తోంది, చేతులు వెనక భుజం దగ్గరే ఆగి ఉన్నాయి. మా మేనకోడలి స్వింగ్‌లో తుంటి, ఛాతీ, చేతులు మూడూ ఒకే ఫ్రేములో కదిలాయి. బలానికి కొదవ లేదు. మొత్తం ఒంటిని ఒకేసారి తిప్పేయడం వల్ల ఆ బలం బ్యాటు కొసకు చేరడం లేదు.

చిన్నప్పుడు పరకాల దగ్గరి మా అమ్మమ్మ ఊళ్ళో మక్క చేనులో మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవాళ్ళను చూసినవారికి ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. కాలు ఆనించి నడుము తిప్పితే భుజం కదులుతుంది, భుజం వెంట చెయ్యి, చెయ్యి వెంట తాడు, అన్నిటికంటే చివర రాయి. స్వింగ్‌లోనూ అదే వరుస: తుంటి ముందు వేగం అందుకుని నెమ్మదించేసరికి ఆ ఊపు మొండేనికి చేరుతుంది, మొండెం నెమ్మదించేసరికి చేతులకు, చేతుల నుంచి బ్యాటుకు చేరుతుంది. ప్రతి భాగమూ తన ముందున్నదాని కంటే తేలికైనది కాబట్టి అదే ఊపుతో ఇంకా వేగంగా తిరుగుతుంది. తుంటి తిరిగి భుజాలు ఆగి ఉన్న ఆ క్షణంలో పక్క కడుపు కండరాలు సాగుతాయి, సాగిన కండరం బిగుసుకునేటప్పుడు మామూలుకంటే ఎక్కువ బలం ఇస్తుంది. పిల్లలకు "ఆగు" అని నేర్పాల్సింది ఇక్కడే.

ముందుకాలు కూడా చాలా కీలకం. మా వరంగల్ పిల్లలందరూ క్రికెట్ ఆడి పెరిగినవారే. ముందుకు అడుగువేసి డ్రైవ్ కొట్టేటప్పుడు ముందు మోకాలు వంచి, దాని మీదికి బరువు వేయడం వారికి అలవాటు. సాఫ్ట్‌బాల్‌లో బంతి నేల తాకకుండా మోకాళ్ళకూ ఛాతీకీ మధ్య వస్తుంది, బ్యాటు దాదాపు అడ్డంగా తిరగాలి. బంతి తగిలే సమయానికి ముందుకాలు నిటారుగా అయ్యి నేలను ముందుకు, పిచర్ వైపు నెట్టాలి. అప్పుడే ముందుకు సాగుతున్న ఒంటి బరువు ఆగి తిరుగుడుగా మారుతుంది. మోకాలు వంగి ముందుకు జారిపోతే ఆ ఊపంతా నేలపాలవుతుంది. మేనకోడలికి ఇదొక్కటే సరిదిద్దడానికి ఎక్కువ రోజులు పడుతుందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే క్రికెట్‌లో అది మంచి అలవాటే.

చేతుల సంగతి ఇప్పుడు. స్వింగ్ మొదట్లోనే చేతులు చాపేస్తే బ్యాటు బరువు ఒంటి నుంచి దూరం జరుగుతుంది. తిరిగే వస్తువు బరువును రెట్టింపు దూరానికి జరిపితే అది తిరగడానికి చూపే మొరాయింపు నాలుగు రెట్లు అవుతుంది. అందుకే వెనక మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా దిగి, బ్యాటు తల భుజానికి దగ్గరగా తిరిగి, బంతి దగ్గరకు వచ్చాకే బయటకు విచ్చుకోవాలి. బంతి తగిలే క్షణంలో పైచేతి అరచెయ్యి ఆకాశం వైపు, కిందిచేతి అరచెయ్యి నేల వైపు ఉండాలి; మణికట్లు తిరగబడేది ఆ తరువాతే.

బ్యాటు ఎంపికలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. బడిలో మేనకోడలికి ఇచ్చింది పెద్దల కొలత అల్యూమినియం బ్యాటు. మా అమ్మాయి బ్యాటు 31 అంగుళాలు, డ్రాప్ 10, అంటే అంగుళాల అంకె కంటే ఔన్సుల అంకె 10 తక్కువ. కాబట్టి బరువు 21 ఔన్సులు, దాదాపు 595 గ్రాములు. కొత్త బ్యాటు కొనలేని పిల్లలు నిరాశపడనవసరం లేదు. పిడి కొస నుంచి రెండు వేళ్ళ మందం పైకి పట్టుకుంటే బ్యాటు తల చేతులకు దగ్గరై ఊపడం తేలికవుతుంది.

అమెరికాలో అన్నిటికంటే పైస్థాయి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 నుంచి బ్యాటు వేగాన్ని అందరికీ తెలిసేలా ప్రకటిస్తోంది. అక్కడి సగటు గంటకు సుమారు 72 మైళ్ళు, అంటే 116 కిలోమీటర్లు. అక్కడి ఆటగాడు జాన్‌కార్లో స్టాంటన్ సగటు 80 మైళ్ళు దాటుతుంది. అయితే అందరికంటే నెమ్మదిగా, 63 మైళ్ళ దగ్గర్లో ఊపే లూయిస్ అరాయెజ్ 2022, 2023, 2024లలో వరుసగా మూడు బ్యాటింగ్ టైటిళ్ళు (లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటుకు దక్కేవి) గెలిచాడు. బంతిని బ్యాటు నడిబొడ్డున తాకించే నేర్పు అతనిది. కాబట్టి వేగం మోజులో పిల్లలు బంతి మీద నుంచి చూపు తిప్పుకుంటే ఆపించండి.

సాధనకు ఇక్కడ టీ స్టాండు, అంటే బంతిని పైన నిలిపి ఉంచే కడ్డీ, దొరకలేదు. ప్లాస్టిక్ పైపు ముక్కను ఇటుకల మధ్య నిలబెట్టి, పైన పాత సైకిల్ ట్యూబు చుట్టి బంతి పెట్టాం. మొదట బ్యాటు లేకుండా, చేతులు ఛాతీ మీద కట్టుకుని, మడమ ఆనగానే తుంటి తిప్పడం. తరువాత చిన్న ఇసుక మూటను రెండు చేతులతో పక్కకు విసరడం. ఆఖరున టీ మీద బంతి. బ్యాటుకు బరువు రింగు తొడిగి ఊపి, తీసేసి ఆడితే చెయ్యి తేలికైనట్టు అనిపిస్తుంది కానీ, కొలిచి చూసిన పరిశోధనల్లో ఆ వెంటనే వేగం పెరగలేదు, కొన్నిటిలో తగ్గింది కూడా. మామూలు బ్యాటుకంటే కొంచెం బరువైనదీ కొంచెం తేలికైనదీ మార్చి మార్చి వారాల తరబడి వాడే పద్ధతి వేరు, దానివల్ల ఫలితం ఉంది. అయినా ఎదిగే పిల్లలకు రోజు విడిచి రోజు చాలు. నడుములో ఏ కాస్త నొప్పి ఉందన్నా ఆ రోజుకు బ్యాటు పక్కన పెట్టించి, ఇదే మాట బడిలోని పీఈటీ సారుకు కూడా చెప్పి రండి.