పిల్లల్ని మిషన్ బోర్డింగులో ‘పడేసే’ ముందు ఇది చూడండి

నమస్కారమండీ. మే నెల వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. "మావాడు అస్సలు మాట వినడం లేదు. మిషన్ బోర్డింగులో పడేద్దాం అనుకుంటున్నాం, దారిలో పడతాడు కదా?" ఆ "పడేద్దాం" అన్న మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. చర్చి నడిపే అలాంటి బడిలోనే నేను ఆరు నుంచి పది దాకా చదివాను. అక్కడ నేర్పేదేమిటో ఈ కంచం పెట్టుకుని చెబుతాను.

(స్టీలు కంచం కెమెరాకు దగ్గరగా)

ఇది నాదే. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు, పక్కన 47 అని నంబరు ఉన్నాయి చూడండి. గిన్నెల కొట్లో అమ్మ కొట్టించింది. చేరిన రోజు వార్డెన్ అయ్యగారు ఒక్క మాటే చెప్పారు: ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి, ఇంకొకరిచేత కడిగించకూడదు.

చిన్న మాటలా ఉంది కదా? కానీ మన ఊళ్లలో ఎవరి ఎంగిలి కంచం ఎవరు ఎత్తాలో కులం చెప్పేది. ఇళ్లలో ఇప్పటికీ ఆడపిల్లే ఎత్తుతుంది. అక్కడ మాత్రం ఆసామి కొడుకూ, ఆ ఆసామి పొలంలో కూలికెళ్లే వాళ్ల కొడుకూ ఒకే కొళాయి దగ్గర లైన్లో నిలబడ్డారు.

నేను చేరిన కొత్తలో ఒక సీనియర్ అన్న తన కంచం నాచేత కడిగించాడు. అయ్యగారు దూరం నుంచి చూశారు. ఏమీ అనలేదు. ఆ రాత్రి తను తిన్న కంచం పట్టుకుని వచ్చి మా లైన్లో ఆఖర్న నిలబడి, కొబ్బరి పీచుతో తోముకుని వెళ్లారు. మర్నాడు ఆ అన్న కంచం పట్టుకుని నా వెనకాల నిలబడ్డాడు.

ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. 1909లో తిరునెల్వేలి ప్రాంతం నుంచి వి.ఎస్. అజరయ్య అనే తమిళాయన ఇప్పటి తెలంగాణలోని డోర్నకల్ వచ్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన శాఖలో, తొలి భారతీయ బిషప్ అయ్యారు. అక్కడి బోర్డింగులో చదువుతో పాటు పొలం పని, చేతిపని కూడా ఉండేవి. ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాల పిల్లలు. వాళ్లకు ఊళ్లో బడి ఉండేది కాదు, ఉన్నా లోపలికి రానిచ్చేవారు కాదు. కోతలొస్తే కూలికి పోవాల్సిందే. అందుకే బడి పక్కనే అన్నం, పడక పెట్టారు. అలా పుట్టిన చోటుని శిక్ష అని పిల్లల్ని బెదిరించకండి, దయచేసి.

చదువు సంగతి. చర్చికి వేరే సిలబస్ ఏమీ లేదు. స్టేట్, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈల్లో ఆ బడి ఏది తీసుకుంటే అదే. సాయంత్రం స్టడీ అవరు కూడా ఈ కంచం లాంటిదే. సార్ ఎదురుగా కూర్చుంటారు, అడిగితే చెబుతారు, లెక్క మాత్రం మనమే చేయాలి. పొద్దస్తమానం కోచింగ్, రోజూ ర్యాంకులు కావాలనుకునే వాళ్లకు ఇది నచ్చదు. నాకైతే ఆ అలవాటే కాలేజీలో నిలబెట్టింది.

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగేది: "ప్రార్థనకు బలవంతంగా కూర్చోబెడతారా?" రాజ్యాంగం 28(3) అధికరణం చూడండి. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో మైనరు పిల్లల్ని పెద్దవాళ్ల సమ్మతి లేకుండా మతబోధకూ ఆరాధనకూ కూర్చోబెట్టకూడదు. అంటే ఆ వడ్డన కూడా మీరు ఒప్పుకుంటేనే. అడ్మిషన్ ఫారం పూర్తిగా చదివి సంతకం పెట్టండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. విద్యాహక్కు చట్టం కింద పేద పిల్లలకు 25 శాతం ఉచిత సీట్ల నిబంధన చర్చి బడుల్లాంటి మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఫీజు రాయితీ బడినే అడగాలి. రాత్రి జ్వరమొస్తే ఎవరు చూస్తారో, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయనిస్తారో అడగండి. చెప్పకుండా మామూలు రోజున వెళ్లి, భోజనాలయ్యాక కొళాయి దగ్గర పది నిమిషాలు నిలబడండి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లతో ఎలా ఉంటున్నారో అక్కడే తెలిసిపోతుంది.

చేర్చాలనే అనుకుంటే, కంచం మీద పేరు కొట్టించేటప్పుడు వాణ్ణి కూడా ఆ కొట్టుకి తీసుకెళ్లండి.