పొయ్యి వెలగని ఊరికి ఉపవాసం పిలుపు: రిచ్మండ్ రొట్టె తిరుగుబాటు

[తెర మీద: అమెరికా మ్యాప్. దక్షిణాది రాష్ట్రాలు వేరే రంగులో]

1863 మార్చి 27. అమెరికా అంతర్యుద్ధం మొదలై రెండేళ్లు కావొస్తోంది. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు జెఫర్సన్ డేవిస్ అధ్యక్షుడు. ఆ రోజు అందరూ ఉపవాసం ఉండి ప్రార్థన చేయాలని ఆయన పిలుపు ఇచ్చాడు. రాజధాని రిచ్మండ్‌లో పేదల ఇళ్లలో అప్పటికే పస్తులు నడుస్తున్నాయి.

ఆరు రోజులు గడిచాయి. ఆడవాళ్లు రోడ్డెక్కారు.

[తెర మీద: రిచ్మండ్ పాత వీధులు]

ఉత్తరాది నౌకలు రేవులను మూసేశాయి. నోట్లు విపరీతంగా అచ్చేయడంతో ధరలు మండిపోయాయి. యుద్ధానికి ముందు 38 వేల మంది ఉన్న ఊళ్లో జనం రెట్టింపు దాటారు. పండిన పంటను సైన్యం తాను చెప్పిన ధరకు పట్టుకుపోతోంది. యుద్ధానికి వెళ్లిన మామూలు సిపాయి జీతం నెలకు 11 డాలర్లు. దాంతో ఇల్లు ఎలా గడుస్తుంది?

ఏప్రిల్ 1న ఆరెగన్ హిల్ అనే పేదల పేటలో, ఒక చర్చిలో ఆడవాళ్లు సమావేశమయ్యారు. అందరినీ కూడగట్టింది మేరీ జాక్సన్. బజార్లో సరుకులు అమ్ముకునే మనిషి, కొడుకు సైన్యంలో ఉన్నాడు. మర్నాడు పొద్దున గవర్నర్ జాన్ లెచర్ దగ్గరికి వెళ్లారు. ఆయన మాటల్లో వాళ్లకు తిండి దొరకలేదు.

[తెర మీద: గొడ్డళ్లు, కత్తులతో నడుస్తున్న స్త్రీల బొమ్మ]

"రొట్టె లేదా రక్తం!" అంటూ వందల మంది దుకాణాల మీద పడ్డారు. పిండి, మాంసం బళ్లకెత్తారు. బూట్లు, బట్టలు, నగలు తీసుకుపోయినవాళ్లూ ఉన్నారు, అది దాచక్కర్లేదు. చివరికి డేవిస్ స్వయంగా వచ్చి, బండెక్కి, జేబులోని డబ్బులు జనంలోకి విసిరాడు. తర్వాత గడియారం తీసి, ఐదు నిమిషాల్లో వెళ్లకపోతే కాల్పులు జరుగుతాయన్నాడు. జనం చెదిరిపోయారు.

ఒక మాట చెప్పాలి. ఈ ఆడవాళ్లు బానిసత్వాన్ని ప్రశ్నించలేదు. వాళ్ల కోపం ధరల మీద, సర్కారు మీద. కానీ మగవాళ్లను యుద్ధానికి పంపమన్న ప్రభుత్వాన్ని, మరి పిల్లల కడుపు సంగతేంటని నిలదీశారు. నాకు ఆ ప్రశ్న చాలా పెద్దదిగా కనిపిస్తుంది. రిచ్మండ్ ఒక్కటే కాదు, అదే మార్చిలో నార్త్ కరోలినాలోని సాల్స్‌బరీలో సిపాయిల భార్యలు గొడ్డళ్లతో వెళ్లి పిండి పీపాలు తెచ్చుకున్నారు.

[తెర మీద: పాత వార్తాపత్రిక]

ఈ వార్త వేయొద్దని యుద్ధశాఖ రిచ్మండ్ పత్రికలను కోరింది. అయినా ఏప్రిల్ 8న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చేసింది. 60 మందికి పైగా అరెస్టయ్యారు. ఆ నెలలోనే నగర పాలక మండలి పేదలకు తిండి ఇచ్చే ఏర్పాటు చేసింది. అల్లర్లలో పాల్గొన్నవాళ్లకు మాత్రం ఆ సాయం లేదంది.