అలసని పెదనా!

అందరికీ నమస్కారం. ఇక్కడికి వస్తూ చెన్నై కోడంబాక్కంలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. మనవాళ్ళే ఇద్దరు, సినిమా కంపెనీల్లో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళు, హీరోల గురించి వాదించుకుంటున్నారు. "మా హీరో ఊరికే నిలబడితే చాలయ్యా, సినిమా ఆడేసేది" అన్నాడు ఒకాయన. "అందుకే పాపం, ఆయన అంతకు మించి ఏమీ చేసేవాడు కాదు" అన్నాడు రెండో ఆయన. టీ మాస్టరు తమిళాయనే, అయినా గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు.

గమనించారా, రెండో ఆయన కొత్తగా తెచ్చిందేమీ లేదు. అవతలివాడి మాటనే తిప్పి వాడికే తగిలించాడు. పెద్దవాళ్ళ గొడవల్లో జనానికి గుర్తుండిపోయే తిట్లన్నీ దాదాపు ఇంతే. తిట్టేవాడు ముందు ఎదుటివాణ్ణి శ్రద్ధగా చదవాలి.

పెద్దన గారు పద్యంలో అమావాస్య రాత్రిని "అమవసనిసి" అన్నారట. తెనాలి రామకృష్ణుడు ఊరుకుంటాడా? ఏం తిని చెప్పావయ్యా ఈ కవిత్వం, వెర్రి పుచ్చకాయా, ఉమ్మెత్తకాయా అని ఆయనా పద్యంలోనే అడిగాడు. అడగడంలోనే ఉంది తమాషా. ఉమ్మెత్తకాయలో ఒత్తులు ఊడిపోయాయి, పుచ్చకాయ పుచకాయ అయింది, చివరికి అల్లసాని పెద్దనంతటివాడు "అలసని పెదన" అయి కూర్చున్నాడు. పెద్దన మాటకి చేసిన మర్యాదే ఆయన పేరుకీ జరిగింది! వీళ్ళిద్దరూ అసలు ఒకే కాలంవాళ్ళా కాదా అన్న గొడవ పండితులకి వదిలేద్దాం. చాటువు మాత్రం బతికే ఉంది.

లండన్‌లోనూ ఇలాంటి కథే చెప్పుకుంటారు. చిత్రకారుడు విస్లర్ ఏదో చమత్కారం విసిరితే, రచయిత ఆస్కార్ వైల్డ్ ముచ్చటపడి "అయ్యో, ఈ మాట నేను అని ఉంటే ఎంత బావుండేది" అన్నాడట. "అంటావులే ఆస్కార్, అంటావు" అన్నాడు విస్లర్. నా మాటలు నువ్వు ఎత్తుకుపోతావని అందరికీ తెలుసులే అని చెప్పడం అన్నమాట. గొంతు పెంచక్కర్లేకపోయింది.

ఇక బాక్సర్ మహమ్మద్ అలీ. ఆయన నోరంటే నాకు చాలా ఇష్టం, కానీ ఒక్కచోట మనసు ఒప్పుకోదు. 1975లో మనీలాలో జో ఫ్రేజియర్‌తో పోటీకి ముందు, ఊరి పేరుకి ప్రాస కుదిరిందని ఫ్రేజియర్‌ని గొరిల్లా అన్నాడు. జేబులోంచి రబ్బరు గొరిల్లా బొమ్మ తీసి విలేకరుల ముందే గుద్దాడు. అందరూ నవ్వారు. వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు అలీని ఆట నుంచి వెలివేస్తే, ఆయన తిరిగి రావాలని అండగా నిలిచినవాడు ఈ ఫ్రేజియరే. తెనాలి వెక్కిరించింది పెద్దన వాడిన మాటని. అలీ వెక్కిరించింది ఒక నల్లవాడి ముఖాన్ని, అదీ తాను కూడా నల్లవాడై ఉండి. అందులో చదివిందేముంది? ప్రాస తప్ప.

2001లో ఒక పత్రిక ద్వారా అలీ క్షమాపణ చెప్పాడు, పోటీకి జనాన్ని రప్పించడానికే అలా అన్నానన్నాడు. పత్రికకి చెప్పాడు గానీ నాకు చెప్పలేదుగా, అని ఆ తర్వాత ఫ్రేజియర్ బాధపడ్డాడు.