మున్నేరు ఎపిసోడ్... అనుకున్నాం

లలిత: చిన్నా, రికార్డు ఎక్కుతోందా? సరే. నమస్కారం, మళ్లీ మేమే. ఇవాళ కృష్ణ ఉపనది మున్నేరు. దాని గురించి చెప్పమని మన శ్రోత, నందిగామ పెద్దాయన వాయిస్ మెసేజ్‌ల మీద వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నారు, ఇక తప్పదు.

సుబ్బు: అన్నింట్లోనూ నన్నే తిట్టారక్కా. డబ్బా ఎక్కడ పెట్టావ్?

లలిత: నీ ఎదురుగానే ఉంది. ఇవాళ నువ్వు కాంటూరు అన్నప్పుడల్లా డబ్బాలో వేసే జరిమానా ఐదు కాదు, పది.

సుబ్బు: ధరలు పెంచేశారా!

లలిత: మున్నేరు చూడండి, పాకాల చెరువు దగ్గర మొదలు. కాకతీయుల నాటి చెరువు. అక్కణ్నుంచి మహబూబాబాద్ వైపు, ఖమ్మం ఊళ్లోకి, తర్వాత మన పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి పక్కగా వచ్చి, వైరాని కలుపుకొని, ఏటూరు దగ్గర కృష్ణలో పడుతుంది. ఎండాకాలం ఇసకే కనిపిస్తుంది. అదే 2023 జులైలో ఐతవరం దగ్గర హైవే ఎక్కేసింది, హైదరాబాద్ బస్సులన్నీ ఆగిపోయాయి. మున్నేరు తర్వాత, కిందకి వస్తే, కృష్ణలో కలిసేది బుడమేరు. అది...

సుబ్బు: ఆగాగు. బుడమేరు కృష్ణలో కలవడమేంటి?

లలిత: ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కలవట్లా? పుష్కరాలకి మనం అక్కడే మునిగాం. నీ చెప్పు పోయింది కూడా అక్కడే.

సుబ్బు: చెప్పు సంగతి ఎత్తొద్దన్నానా! అక్కడ బుడమేరు కలవట్లేదక్కా, మనం తీసుకెళ్లి కలుపుతున్నాం. వెలగలేరులో రెగ్యులేటర్, అంటే గేట్ల కట్టడం కట్టి, అక్కణ్నుంచి నీటిని మళ్లించే డైవర్షన్ కాలువ తవ్వి, థర్మల్ స్టేషన్ పక్కగా తీసుకెళ్లి కృష్ణలో వదిలారు. బుడమేరు అసలు దారి అది కాదు. మైలవరం కొండల్లో పుట్టి, బెజవాడకి ఉత్తరంగా సాగి, ఎనికెపాడు దగ్గర డెల్టా కాలువ కింద సొరంగంలో దూరి, కొల్లేటికి పోతుంది. కొల్లేరు బిడ్డ అది.

లలిత: ఎవరు తవ్వితే ఏంటి, నీళ్లు కృష్ణలో పడుతున్నాయా లేదా? పడితే ఉపనదే.

సుబ్బు: అయితే గోదావరి కూడా కృష్ణకి ఉపనదే అను!

లలిత: అదేం తిక్క లెక్క?

సుబ్బు: 2015 నుంచి పట్టిసీమలో తోడిన గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువలో వచ్చి పడేది ఈ డైవర్షన్‌లోనే కదా. అదే కాలువ, అదే ఫెర్రీ. నీ లెక్కన రాజమండ్రి వాళ్లకి చెప్పు, మీ గోదారి మా కృష్ణకి ఉపనది అని. పులస కూర కాదు కదా, మంచినీళ్లు కూడా పుట్టవు నీకు.

చిన్నా: (నవ్వు)

లలిత: నువ్వు నవ్వకు, మైకు పట్టుకో. సరే సుబ్బూ, ఒకటి చెప్పు. బెజవాడలో బుడమేటికీ కృష్ణకీ మధ్య ఎంత దూరం? మహా అయితే కొన్ని కిలోమీటర్లు. అంత దగ్గర కృష్ణ ఉంటే కలవకుండా, అంత దూరం కొల్లేటికి ఎందుకు పోతుంది?

సుబ్బు: హా! అడిగావ్! ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే కాం...

లలిత: పది.

సుబ్బు: వేశా. కాంటూరు! అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత. డెల్టాలో ఏరు పల్లంలో పారదక్కా, మిట్ట మీద పారుతుంది. వరదొచ్చిన ప్రతిసారీ ఒండ్రు ఒడ్డునే దిగబడుతుంది కదా, అందుకని ఏటి ఒడ్డు ఎత్తు, ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ పల్లం. అటు గోదారీ అంతే, ఇటు కృష్ణా అంతే. రెండిటి మధ్య మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ అక్కడికే ఎందుకు పోతున్నాయనుకున్నావ్? అక్కణ్నుంచి ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. అందుకే ఐదో కాంటూరు...

లలిత: ఇంకో పది. వచ్చేశాడు ఐదో కాంటూరికి.

సుబ్బు: వస్తా మరి. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టారు. మళ్లీ ఏమైంది? పైనుంచి వచ్చే నీటికి అక్కడ చోటు లేకపోతే ఇక్కడ...

లలిత: అక్కడ చెరువు మీద బతికేవాళ్లతో మాట్లాడావా ఎప్పుడైనా? బెజవాడలో కూర్చుని గట్లు కొట్టేయండనడం తేలిక.

సుబ్బు: చిన్న రైతు సంగతి వేరు, నేననేది...

లలిత: నువ్వనేది నాకు తెలుసులే.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

లలిత: 2024 సెప్టెంబరు ఒకటి, ఆదివారం. పిన్ని వాళ్లది బెజవాడ సింగ్‌నగర్. పొద్దున ఫోన్ చేసి, వాకిట్లోకి నీళ్లొచ్చాయే, అంది మామూలుగా. మధ్యాహ్నానికి మేడెక్కారు. తర్వాత ఫోన్ కలవలా. డ్రోన్‌తో అన్నం పొట్లాలు వేస్తున్నారని టీవీలో చూస్తున్నా, పిన్నికి అందిందో లేదో తెలీదు. నువ్వేమో ఉపనదా కాదా అంటున్నావ్.

సుబ్బు: అందుకే అంటున్నా అక్కా. ఆ రోజు డైవర్షన్ కాలువ కట్టకి గండ్లు పడ్డాయి, మిలిటరీ వాళ్లొచ్చి పూడ్చారు. ఇటు చూస్తే కృష్ణ పొంగి ఉంది, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు, ఎప్పుడూ లేనంత. ఫెర్రీ దగ్గర నది అంత ఎత్తున ఉంటే డైవర్షన్ నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి? బుడమేరు కృష్ణదేలే, కృష్ణలోకి పంపేశాంలే అనుకుని పాత దారిలో ఇళ్లు కట్టుకున్నాం. అది పాత దారి మర్చిపోలా.

లలిత: కట్టుకున్నాం అనకు. పిన్ని వాళ్లు కొనుక్కున్నారు. అమ్మినవాడు అది ఏరు అని చెప్పలా.

సుబ్బు: ...అవును. అది నిజం.

లలిత: సరే. పటంలో ఏ రంగు వేసుకుంటావో వేసుకో. నా లెక్కలో రెండు దార్లూ దానివే. మున్నేరు ఎక్కడ ఆగింది?

చిన్నా: ఏటూరు.

లలిత: అదే రోజు ఖమ్మంలో మున్నేరు కూడా ఊరు ముంచింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద జనం చిక్కుకుపోయారు. దాని గురించి ఇంకా చాలా ఉంది, పోలంపల్లి ఆనకట్ట ఉంది...

సుబ్బు: ఏటూరు పోయి చూసొద్దామా, కలిసే చోటు? బండి మీద.

లలిత: నీ బండి మీదా? పోయినసారి సంగతి మర్చిపోలేదు నేను.

సుబ్బు: కారైతే చిన్నా రావాలి.

చిన్నా: నాకు ఆదివారం పెళ్లుంది.

లలిత: ఎవరిదిరా?

చిన్నా: మా మేనత్త వాళ్లబ్బాయిది, గుడివాడలో.

సుబ్బు: గుడివాడా! ఎనికెపాడు మీదుగా వెళ్లు, ఆ సొరంగం దగ్గర ఆగి ఒక ఫొటో తియ్. అక్కడ కాంటూరు...

లలిత: పది!