కొండ మీద అడవి, కుళాయిలో నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

బ్రెజిల్‌లోని రియో డి జనీరో నగరం ఒకప్పుడు కాఫీ కోసం నీళ్లు పోగొట్టుకుంది. ఊరిని ఆనుకుని ఉన్న టిజూకా కొండల్లో అడవి కొట్టేసి కాఫీ తోటలు వేశారు. వాగులు సన్నబడ్డాయి, ఊరికి నీటి కటకట మొదలైంది. చివరికి 1861లో, రెండో పెడ్రో చక్రవర్తి కాలంలో, ఆ కొండలను మళ్లీ అడవిగా మార్చాలని ప్రభుత్వం ఆదేశించింది. ఆ పని మేజర్ ఆర్చర్ అనే అధికారికి అప్పగించారు. మొదట్లో ఆయన కింద మొక్కలు నాటింది కొద్దిమంది బానిసలు. ఇప్పుడు అదంతా జాతీయ పార్కు. ఆర్చర్ పేరు చరిత్రలో నిలిచింది, గుంతలు తవ్విన వాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

అసలు అడవికీ నీళ్లకూ ఏమిటి సంబంధం? అడవిలో వాన చినుకు ముందు ఆకు మీద పడుతుంది, తర్వాత రాలిన ఆకుల మెత్త మీద. అక్కడి నుంచి వేళ్ల సందుల్లో మెల్లగా నేలలోకి ఇంకుతుంది. వానాకాలం పోయాక నెలల తరబడి ఊటగా బయటికొస్తుంది. బోడి కొండ మీద పడ్డ వాన అలా ఆగదు. మట్టిని కోసుకుంటూ ఒక్క ఉరుకున కిందికి దిగుతుంది. ఆ మట్టి జలాశయాల్లో పూడికగా చేరుతుంది. వానాకాలంలో వరద ముంచెత్తిన ఊళ్లోనే ఎండాకాలంలో బిందెలు వరస కట్టేది ఇందుకే.

ఇది ప్రభుత్వాలకు తెలియక కాదు. పరీవాహక ప్రాంతంలో చెట్టు కొట్టకూడదని ఉత్తర్వు ఇవ్వడం తేలికే. అక్కడ బతికే మనుషుల సంగతే చిక్కు. 1998లో యాంగ్ట్సీ నది వరదల్లో వేలమంది చనిపోయాక, చైనా ఎగువ ప్రాంతాల్లో సహజ అడవుల నరికివేతను ఆపింది. మరుసటి ఏడాది నుంచి, ఏటవాలు పొలాలను చెట్లకు వదిలిన రైతులకు ధాన్యం, డబ్బు, మొక్కలు ఇవ్వడం మొదలుపెట్టింది. తిండిగింజల సంగతి చూడకుండా పొలం వదలమంటే ఎవరు వదులుతారు?

న్యూయార్క్ నగరానిది ఇంకో దారి. దాని నీళ్లలో ఎక్కువ భాగం దూరాన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల వైపు నుంచి వస్తాయి. వాటిని వడపోసే ప్లాంటు కట్టాలంటే వందల కోట్ల డాలర్లు కావాలి. అందుకే 1997లో ఎగువ ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. అమ్ముతామన్న వారి దగ్గర భూములు కొంది, పశువుల పేడ వాగుల్లో కలవకుండా రైతులకు సాయం చేసింది. ఆ ప్లాంటు ఖర్చు తప్పింది.

మన చెవికి ఎక్కువగా వినిపించేది మాత్రం మొక్కల లెక్క. ఎన్ని లక్షలు నాటారో చెప్పినంత గట్టిగా, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయో ఎవరూ చెప్పరు. పైగా ఏ చెట్టైనా సరిపోతుందనుకుంటే పొరపాటు. చెట్టూ నీళ్లు తాగుతుంది. దక్షిణాఫ్రికాలో బయటి నుంచి తెచ్చిన యూకలిప్టస్, పైన్, తుమ్మ జాతి చెట్లు వాగుల వెంట పెరిగి నీళ్లు పీల్చేస్తున్నాయని, 1995లో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. పని లేని వాళ్లకు కూలీ ఇచ్చి ఆ చెట్లను కొట్టించడం మొదలుపెట్టింది. కొట్టినంత మాత్రాన అయిపోదు. మోడు మళ్లీ చిగురిస్తుంది, తుమ్మ గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అందుకే ఒకసారి కొట్టిన వాగు గట్టుకే కూలీలు మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వస్తుంది.