జాలి లేకపోతే చాలదు, పని రావాలి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకుంటే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. అందరికీ కలిపి ఒకే నమస్కారం.

'ఊపిరి' సినిమా గురించి మాట్లాడమన్నారు. 2016లో వంశీ పైడిపల్లి తీసింది. చక్రాల కుర్చీలో కోటీశ్వరుడిగా నాగార్జున, జైలు నుంచి వచ్చి ఆయన దగ్గర పనికి కుదిరిన కుర్రాడిగా కార్తి. దీనికి మూలం 2011 నాటి ఫ్రెంచి సినిమా 'ది ఇన్‌టచబుల్స్'. దానికి మూలం ఇద్దరు నిజమైన మనుషులు. 1993లో పారాగ్లైడింగ్ ప్రమాదంలో మెడ దెబ్బతిని, మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిన ఫిలిప్ పొజ్జో ది బోర్గో ఒకరు, ఆయన్ని చూసుకోవడానికి కుదిరిన అల్జీరియా యువకుడు అబ్దెల్ సెల్లూ ఇంకొకరు.

ఫ్రెంచి సినిమాలో ఒక సంగతి ఉంది. ఆ కుర్రాడు మాటిమాటికీ మరిచిపోయి ఫోన్ ఆయన చేతికి ఇవ్వబోతాడు. అందుకే వాడు కావాలంటాడు ఫిలిప్. తన మీద జాలి పడనివాడు కావాలి ఆయనకి. ఈ మాట దగ్గర అందరం చప్పట్లు కొడతాం, కొట్టాల్సిందే. కానీ అదే కుర్రాడు, స్పర్శ ఉందో లేదో చూద్దామని ఆయన కాలి మీద వేడి టీ పోస్తాడు. అక్కడ కూడా నవ్వుతాం. అమ్మలారా, అయ్యలారా, అక్కడ నవ్వకండి. నొప్పి తెలియని చర్మం కాలకుండా ఉండదు. కాలినట్టు మనిషికి తెలియదు, అంతే. ఆ పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. వేడినీళ్ల సంచి, ఒళ్లో పెట్టుకున్న లాప్‌టాప్, ఎండలో కాగిన కారు సీటు, ఏదైనా ఇంతే. స్నానం నీళ్లు మన మోచేత్తో చూసి పోయాలి.

స్నేహం గురించి మాట్లాడాలనే వచ్చాను. కానీ ఆ స్నేహం నిలబడాలంటే ముందు మనిషి బతికుండాలి కదా! కదలలేని మనిషికి ఒకేచోట బరువు పడితే పుండు పడుతుంది. అందుకే మంచం మీద రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా. కుర్చీలో ఉంటే అరగంటకోసారి రెండు నిమిషాలు ముందుకో పక్కకో వంచి పిర్రల మీద బరువు తీయాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి. దుప్పటి మడత, ప్యాంటు వెనక జేబు గుండీ, ఇవి చాలు పుండు మొదలవడానికి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే సరే. నొక్కినా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే, ఇక దాని మీద బరువు పడనివ్వకూడదు. నల్లని ఒంటి మీద ఎరుపు కనపడదు, వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి.

ఇంకొకటి, ఉన్నట్టుండి బీపీ ఎగబాకే ప్రమాదం, దీన్ని చాలా ఆసుపత్రుల్లోనే గుర్తించరు. మెడ దగ్గరో, వీపు పై భాగంలోనో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడటం, దెబ్బ తగిలిన చోటికి పైభాగాన చెమటలు పట్టడం జరిగితే బీపీ చూడండి. ఎప్పుడూ పై అంకె 90, 100 ఉండే మనిషికి 135 వచ్చిందంటే అది మామూలు కాదు, ప్రమాదం. వెంటనే లేపి కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయండి. యూరిన్ పైపు మెలిక పడిందా, బ్యాగు నిండిందా చూడండి. ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. తర్వాత మలబద్ధకం, ఆ తర్వాత చర్మంలోకి గుచ్చుకున్న గోళ్లు, పుండ్లు. కారణం దొరక్కపోయినా, బీపీ దిగకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. మెదడులో స్ట్రోక్ దాకా తీసుకుపోగల సంగతి ఇది.

సినిమాలో ఆ కుర్రాడు మేజోళ్లు తొడగనంటాడు, మలం తీసే పని చేయనంటాడు. మొదట్లో ఎవరికైనా అలాగే ఉంటుంది. తర్వాత చేతికి అలవాటవుతుంది. ధనిక, పేద వర్గాల మధ్య గోడ కూలేది ఆ పని దగ్గరే, ఖరీదైన కారు దగ్గర కాదు. సినిమా మాత్రం కారు దగ్గరే ఎక్కువసేపు ఉంది.

మాట మధ్యలో ఒక మనవి. ఈ హాలుకి మూడు మెట్లున్నాయి, ఒక్కోటి ఆరంగుళాలు. మొత్తం 18 అంగుళాల ఎత్తుకి అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడుగు వాలు చొప్పున 18 అడుగుల ర్యాంపు కావాలి. పక్కన సైకిళ్లు పెట్టే స్థలం అంతకంటే పొడుగ్గానే ఉంది. నిర్వాహకులు ఇవాళే కొలిపించాలి. కుర్చీని నలుగురు పట్టి ఎత్తడం సాయం కాదు, జారితే మెడ విరుగుతుంది.

చివరిగా, చూసుకునేవాళ్ల సంగతి. కోటీశ్వరుడి ఇంట్లో కుర్రాడికి జీతం ఉంది, గది ఉంది, వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంది. మన ఇళ్లలో అది అమ్మో, భార్యో, లేదంటే పన్నెండు గంటల డ్యూటీ అటెండెంటో. రాత్రికి నాలుగైదుసార్లు లేచే మనిషి పగలు ఎలా నిలబడుతుంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం, ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకి సంరక్షకుల భత్యం ఉండాలని 24వ సెక్షన్‌లో రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 2024 నుంచి నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు. అది మనిషి బతకడానికి. చూసుకునేవాళ్ల భత్యం వేరే అడగాలి, గట్టిగా అడగాలి. అటెండెంటుని పెట్టుకునేవాళ్లు వారానికి ఒక రోజు సెలవివ్వండి, ఆ రోజు చేయడానికి ఇంట్లో ఇంకొకరు పని నేర్చుకోండి. భోజనం తర్వాత ఇక్కడే మంచం వేసి తిప్పడం, కుర్చీలోకి మార్చడం చేయించి చూపిస్తాం. మగవాళ్లు ముందు వరుసలో కూర్చోండి.